చెవి ఒగ్గి చూసిన సినిమాలు

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి నెలవారీ సమావేశంలో ఒక డబ్బింగ్ కళాకారిణి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

పోయిన నెలలో చూసిన సినిమాల గురించి మాట్లాడమని పెద్దలు అడిగారు. నా వృత్తి డబ్బింగ్ అని మీలో చాలామందికి తెలుసు. తెర మీద ఎవరి పెదాలో కదులుతుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదాలకు మాట అందించడం నా పని. అందుకని సినిమా పెట్టుకుని కూర్చుంటే నా కన్ను ముందు నటి పెదాల మీదికి పోతుంది, చెవి ఆవిడ ఊపిరి మీదికి పోతుంది. మాట ఎక్కడ ఎత్తుకుంది, ఎక్కడ ఆగింది, ప, బ, మ లాంటి పెదాలు కలిసే అక్షరం ఎక్కడ పడింది, ఇవి పట్టించుకోకుండా నేను ఏ సినిమా చూడలేను. ఈ నెల చూసినవాటిలో చాలామటుకు మనం కూర్చున్న ఈ చోటికి కూతవేటు దూరంలో, వడపళనిలో తీసిన పాత సినిమాలు. కథలు మీకు కంఠతా వచ్చు. కాబట్టి కథలు వదిలేసి, నా చెవిన పడ్డవి చెబుతాను.

ముందు మల్లీశ్వరి. 1951లో వాహినీవారి సినిమా, బి.ఎన్.రెడ్డిగారి దర్శకత్వం. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలూ పాటలూ రాశారు, సాలూరు రాజేశ్వరరావుగారు సంగీతం చేశారు. ఈసారి నేను ఈ సినిమా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దీపాలార్పి చూశాను. భానుమతిగారిలో అందరూ చెప్పుకునేది ఆవిడ పాట. నన్ను ఈసారి పట్టుకున్నది పాటకు ముందు మాట, పాట తరవాత మాట. ఆవిడ పాట ఆవిడే పాడుకుంటుంది కదా, అందువల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి అడుగుపెట్టినప్పుడు గొంతు మారదు. వేరే గాయని పాడితే, ఆ గాయని ఎంత గొప్పదైనా, మాటకూ పాటకూ మధ్య సన్నటి గీత ఒకటి ఉంటుంది. చూసేవాళ్లం అలవాటుపడిపోయి ఆ గీతను దాటేస్తాం. మల్లీశ్వరిలో దాటడానికి గీతే లేదు. బావ నాగరాజును ఉడికించిన గొంతే, వేళాకోళం చేసిన గొంతే, చివరికి అంతఃపురంలో బావ కోసం బెంగపడి పాడుతుంది. ఆ బెంగ మనదైపోవడానికి సగం కారణం అదే అని నా నమ్మకం.

బండి పాట గుర్తుందా? తిరునాళ్ల నుంచి వస్తూ వాన పడేలోపు ఇల్లు చేరాలని ఎడ్లను అదిలించే పాట. ఘంటసాలగారు, భానుమతిగారు పాడారు. ఆ పాట అయిపోయి వాన మొదలై సత్రంలో దిగుతారు. అక్కడ మల్లి ఆడుతుంది, మారువేషంలో ఉన్న రాయలవారూ పెద్దనగారూ చూస్తారు, నాగరాజు వేళాకోళానికి మల్లిని రాణివాసానికి తీసుకెళ్లడానికి పల్లకి పంపమంటాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరి బతుకూ తలకిందులైపోతుంది. ఎన్టీరామారావుగారు ఆ మాటను ఎంత తేలిగ్గా అంటారంటే, అందులో రాబోయే కష్టం నీడ కూడా ఉండదు. నాలాంటివాళ్లకు ఇది పాఠం. ముందేం జరగబోతుందో గొంతుకు తెలిసిపోకూడదు. డబ్బింగ్‌లో మేము చేసే పెద్ద పొరపాటు అదే. సినిమా అంతా ముందే చూసేసి ఉంటాం కాబట్టి, పెళ్లి సీనులోనే విధవరాలి గొంతు పెట్టేస్తాం.

ఇక్కడ సాంకేతికమైన సంగతి ఒకటి చెప్పాలి. ఆ కాలంలో స్టూడియో ఫ్లోరు మీద నటుల మాటలు అక్కడికక్కడే రికార్డయ్యేవి. తల పైన మైకు వేలాడుతూ ఉండేది, కెమెరా చప్పుడు బయటికి రాకుండా దానికి కప్పు ఉండేది, ఫ్లోరులో ఎవరైనా తుమ్మితే టేకు పోయేది. తరవాత ఔట్‌డోర్ షూటింగులు పెరిగాయి, చప్పుడు చేసే తేలికపాటి కెమెరాలు వచ్చాయి, మాటలన్నీ తరవాత డబ్బింగ్ థియేటర్లో చెప్పించుకోవడం అలవాటైంది. నాకు అన్నం పెట్టింది ఆ అలవాటే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ వంగి పూలు కోస్తున్న మనిషి ఊపిరికీ, నిటారుగా నిలబడి మైకులో మాట్లాడే మనిషి ఊపిరికీ తేడా ఉంటుంది. ఎంత నేర్పరి అయినా ఆ తేడాను పూర్తిగా చెరపలేరు. ఈ పాత సినిమాల్లో ఒంటి కదలికా మాటా కలిసి పుట్టాయి. మీరు గమనించకపోయినా మీ చెవి గమనిస్తుంది.

ఇక ఎస్.వి.రంగారావుగారు. ఆయన కోసం ఈ నెలలో మూడు సినిమాలు వరసగా చూశాను. పాతాళభైరవి 1951, మిస్సమ్మ 1955, మాయాబజార్ 1957. మూడూ విజయావారివి, నాగిరెడ్డి-చక్రపాణిగార్లవి. మూడింట్లోనూ ఉన్నది ఒకే మనిషి అని చెవికి చెబితే నమ్మదు. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడి మాటలో ఒక సాగతీత ఉంటుంది. ప్రతి వాక్యం చివర్నీ కొద్దిగా లాగి, వేటగాడు వల లాగినట్టు ఎదుటివాణ్ణి దగ్గరికి తెచ్చుకుంటాడు. గట్టిగా అరవడు. అరవకుండానే భయం పుట్టిస్తాడు. మిస్సమ్మలో జమీందారు గోపాలంగారు వచ్చేసరికి ఆ గొంతులో సాగతీత మాయమైంది. తప్పిపోయిన కూతురి కోసం లోపల్లోపల కుమిలే తండ్రి. సావిత్రి వేసిన మేరీని కన్నబిడ్డలా చూసుకునేటప్పుడు వాక్యం చివర కిందికి దిగిపోతుంది, నెమ్మదిగా, ఎదుటివాళ్లకు చోటిస్తున్నట్టుగా. ఇక ఘటోత్కచుడు! ఆ గొంతులో బలం ఉంది, దాని వెనక చిన్నపిల్లాడి సంబరం ఉంది. ఘటోత్కచుడు రాక్షసుడైనా మనకు ముద్దొస్తాడంటే కారణం గద కాదు, కిరీటం కాదు, తల్లితో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఒదిగిపోయే తీరు. సినిమాల్లోకి రాకముందు ఆయన అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు, రంగస్థలం మీద నటించారు. నాటకంలో చివరి వరసవాడికి కూడా వినపడాలి. సినిమాలో మైకు ఆరడుగుల దూరంలో ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఎంత తగ్గాలో ఆయనకు తెలిసినట్టు తెలిసినవాళ్లు అరుదు.

మాయాబజార్ గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, నాకు దాని మీద ఎంత మాట్లాడినా తనివి తీరదు. కె.వి.రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి మాటలు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. లాహిరి పాటలో వెన్నెల గురించి అందరూ చెబుతారు, బార్ట్‌లీగారు దీపాలతో పుట్టించిన వెన్నెల అని. నేను ఆ పాటలో గొంతుల సంగతి చెబుతాను. పడవ ఎక్కేది ముందు అభిమన్యుడు, శశిరేఖ. తరవాత శ్రీకృష్ణుడు, రుక్మిణి. తరవాత బలరాముడు, రేవతి. తెర మీద మూడు జంటలు. పాడింది ఒక్క జంట, ఘంటసాలగారూ పి.లీలగారూ. నాగేశ్వరరావుగారికీ రామారావుగారికీ గుమ్మడిగారికీ ఒకే గొంతు. మనకు ఒక్క క్షణమైనా అనుమానం రాదు. ప్రేమలో పడ్డ కుర్రవాడి దగ్గర్నుంచి పెద్దరికం ఉన్న బలరాముడి దాకా అందరూ ఆ వెన్నెల్లో ఒకటే అయిపోయారన్న భావం, ఆ ఒక్క గొంతు వల్లనే వచ్చిందని నాకు ఈసారి అనిపించింది. అన్నట్టు, రుక్మిణిగా వేసిన సంధ్యగారు మన జయలలితగారి అమ్మగారు. పక్కింటి తమిళ స్నేహితులతో కలిసి చూస్తే ఆవిడ కనబడగానే వాళ్లు లేచి కూర్చుంటారు.

దానికి సరిగ్గా తలకిందులుగా ఉండేది పెళ్లిపాట. మాయాశశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడి పాట. అక్కడ తెర మీద ఒక్క సావిత్రి. గొంతులు రెండు. సుశీలగారి గొంతులో పెళ్లికూతురు సిగ్గుపడుతూ ఉంటుంది, మధ్యలో ఘంటసాలగారి గొంతు దూసుకొచ్చి లోపలున్న ఘటోత్కచుడు బయటపడతాడు. సావిత్రిగారు ఆ గొంతు మారే క్షణానికి భుజం మార్చేస్తుంది, నడక మార్చేస్తుంది, కనుబొమ్మ మార్చేస్తుంది. మేము తెర మీది పెదాలను బట్టి గొంతు మారుస్తాం. ఆవిడ వచ్చే గొంతును బట్టి ఒళ్లంతా మార్చింది. ఇది నేను వెనక్కి తిప్పి తిప్పి చూశాను. ఒక్కచోట కూడా ఒంటికీ గొంతుకూ అరక్షణం ఎడం లేదు. ఇరవై ఏళ్లు దాటీ దాటని ఒక అమ్మాయి ఈ పని చేసింది అనుకోవాలి. అనుకుని కూడా నమ్మడం కష్టం.

మిస్సమ్మ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన ఊళ్లో దానికి రెండో ప్రాణం ఉంది. ఎల్.వి.ప్రసాద్‌గారి దర్శకత్వంలో తెలుగుతో పాటే తమిళంలో కూడా తీశారు. తెలుగులో రామారావుగారి చోట తమిళంలో జెమినీ గణేశన్. సావిత్రి రెంట్లోనూ ఉంది. తెలుగులో రామారావుగారికి ఈ సినిమాలో పాడింది ఘంటసాలగారు కాదు, ఎ.ఎం.రాజాగారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, తెలుగూ తమిళమూ రెండూ సొంత భాషల్లా పాడినాయన. ఆయన గొంతు మెత్తన. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధం చెప్పి, ఆ అబద్ధంలో మర్యాద తప్పకుండా బతికే పంతులుగారికి ఆ మెత్తదనం కావాలి. అక్కడ ఘంటసాలగారి గొంతు పెడితే ఆ ఎం.టి.రావు మరీ వీరుడైపోయేవాడు. ఈ ఎంపిక చేసినవాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను. నటుడికి అలవాటైన గాయకుడు ఎవరు అని చూడలేదు, ఆ పాత్ర ఎలాంటి మనిషి అని చూశారు.

గుండమ్మ కథ కూడా చూశాను. 1962. సూర్యకాంతంగారి గొంతు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆవిడ ఎంత వేగంగా మాట్లాడినా ఒక్క అక్షరం మింగదు. ఈ కాలంలో వేగంగా మాట్లాడేవాళ్ల మాటల్లో సగం అక్షరాలు ఏమైపోతున్నాయో వెతుక్కోవాలి.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం కూడా చెప్పాలి. ఈ సినిమాలన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి, సంతోషమే. కానీ చాలా ప్రింట్లలో ధ్వని దారుణంగా ఉంటుంది. గరగర తీసేయడానికని ఎవరో శుభ్రం చేస్తారు. గరగరతో పాటు ఊపిరి కూడా పోతుంది. పదానికీ పదానికీ మధ్య ఉండే చిన్న గాలి పోతే ఆ మాట మనిషి మాటలా ఉండదు. కొన్నిట్లో టైటిల్సే కోసేశారు. అవి కోస్తే శబ్దగ్రహణం, అంటే ధ్వని రికార్డు చేసింది, ఎవరో ఎలా తెలుస్తుంది? 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద, సురభి కమలాబాయిగారు నటించి పాడిన సినిమా, దాని ప్రింటు ఈనాడు దొరకదు. తెలుగు తెర మీద మొదట మాట్లాడిన ఆ గొంతులు మనకు మిగల్లేదు. ఉన్నవాటినైనా జాగ్రత్తగా వినే పద్ధతిలో ఉంచుకోవద్దా?

శబ్దగ్రహణం అన్నాను కదా. మాయాబజార్‌కు ఆ పని చేసినవారు ఎ.కృష్ణన్, శివరాం. వాహినీ స్టూడియోలో ఎ.కృష్ణన్‌గారు శబ్దవిభాగానికి పెద్ద. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రవాడు తరవాత దర్శకుడయ్యాడు. ఆయనే కె.విశ్వనాథ్‌గారు. ఈ సంగతి తెలిసి శంకరాభరణం చూస్తే అది వేరే సినిమా అయిపోతుంది. 1980 ఫిబ్రవరిలో వచ్చింది. పెద్ద హీరో లేడు. ప్రభుత్వోద్యోగం చేస్తూ నాటకాలు వేసుకునే జె.వి.సోమయాజులుగారు నాయకుడు, సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా. కెమెరా మన బాలూ మహేంద్రగారిది, సంగీతం కె.వి.మహదేవన్‌గారిది. ఇక్కడ మద్రాసులో ఆ సినిమాను తెలుగులోనే చూసి తమిళులు నెత్తిన పెట్టుకున్నారు.

అందరూ పాటలు చెబుతారు. నేను చెప్పేది చప్పుడు లేని చోట్ల గురించి. మంజుభార్గవిగారి తులసి పాత్రకు మాటలు ఎంత తక్కువో గమనించారా? శాస్త్రిగారి సంగీతాన్ని ఆ కథలో అందరికంటే లోతుగా విన్నది ఆమె. వినేవాళ్లకు మాటలు తక్కువ. శబ్దవిభాగం నుంచి వచ్చిన దర్శకుడు తప్ప ఇంకెవరైనా నాయికను ఇలా మౌనంగా ఉంచి సినిమా నడిపించే ధైర్యం చేస్తారా అని నాకు సందేహం. ఇంకొక చోటు. శాస్త్రిగారి కూతురు శారద హిందోళ రాగంలో పాడుతూ ఉంటుంది. హిందోళంలో రిషభం, అంటే రి స్వరం, ఉండదు. మనసు ఎక్కడో ఉండి ఆ పిల్ల గొంతులోంచి రిషభం జారుతుంది. వెంటనే తండ్రి గర్జన, శారదా అని. సంగీతం రానివాళ్లు కూడా ఆ కేకకు ఉలిక్కిపడతారు. ప్రేమలో పడింది అని తండ్రికి చెప్పడానికి ఒక ఉత్తరం రాయించలేదు. ఒక్క తప్పు స్వరం వినిపించారు. తండ్రికి కూతురి సంగతి చెవి ద్వారా తెలిసింది. ఇలాంటి ఆలోచన కాగితం మీద పుట్టదు, చెవిలో పుడుతుంది.

ఈ స్టూడియో సినిమాల తరవాత, కావాలనే, స్టూడియో వాసన లేని రెండు సినిమాలు చూశాను. ఒకటి మా భూమి. అదీ 1980లోనే, శంకరాభరణం వచ్చిన కొద్ది వారాలకే వచ్చింది. గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ దర్శకుడు, బి.నర్సింగరావుగారి పూనికతో, తెలంగాణ పల్లెల్లో తీసిన సినిమా. అందులో గద్దర్‌గారు తెర మీదికి వచ్చి బండెనక బండి కట్టి అని ఎత్తుకుంటాడు. సాయుధపోరాటం నాడు బండి యాదగిరి కట్టిన పాట అది. ఆ గొంతులో మెరుగుపెట్టిన చోటు ఒక్కటి లేదు. మల్లీశ్వరి బండి పాటలో గిత్తల పరుగు వినబడుతుంది, ఈ బండి పాటలో దొర మీద జనం కోపం వినబడుతుంది. రెండూ తెలుగే. కానీ రెండోదాన్ని మన స్టూడియోలు చాలా ఏళ్లు లోపలికి రానివ్వలేదు. తెలంగాణ మాటను హాస్యగాడికో దుర్మార్గుడికో ఇచ్చారు తప్ప కథానాయకుడికి ఇవ్వలేదు. ఇంతసేపూ ఈ స్టూడియోలను పొగిడాను కాబట్టి ఇది కూడా నేనే చెప్పాలి. అన్ని జిల్లాల నటులూ మద్రాసు చేరి ఒకే రకం తెలుగు నేర్చుకున్నారు. ఆ తెలుగు అందమైనదే. కానీ దాని కోసం ఎన్ని యాసలను గుమ్మం బయట నిలబెట్టామో లెక్క చూసుకోవాలి.

రెండోది కేరాఫ్ కంచరపాలెం. 2018. వెంకటేష్ మహా దర్శకుడు. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే చాలామంది అందులో నటించారు. వాళ్లు మాట్లాడుకుంటుంటే పక్కింటి గోడ అవతల నుంచి వింటున్నట్టే ఉంటుంది. పెళ్లికాని అటెండరు రాజును ఊరంతా ఏడిపిస్తుంటే ఆయన ఇచ్చే జవాబుల్లో నటన ఎక్కడ మొదలైందో నాకు పట్టు దొరకలేదు. వృత్తిలో ఇన్నేళ్లున్న నా చెవికి పట్టు దొరకలేదంటే అది వాళ్ల గొప్పే. ఆ మాటలకు నాలాంటివాళ్ల గొంతు తెచ్చి అతికించి ఉంటే ఆ సినిమా చచ్చిపోయేది. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

అది చూశాక మన సంగతి గుర్తొచ్చింది. ఇక్కడ తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లు ఉన్నారు. చూళైలో, పెరంబూరులో, రాయపురంలో ఇళ్లలో వినబడే తెలుగు ఉంది. సగం వాక్యం తమిళంలోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చేసే తెలుగు. తెలుగు సినిమాను పెంచి పెద్దచేసిన ఊరు ఇది. లైట్లు మోసినవాళ్లు, ట్రాలీ తోసినవాళ్లు, సెట్లకు మేకులు కొట్టినవాళ్లు చాలామంది ఈ తెలుగే మాట్లాడారు. నేను చూసిన సినిమాల్లో ఈ తెలుగు మాట్లాడే నాయకుడు గానీ నాయిక గానీ ఇంతవరకు కనబడలేదు. ఎవరైనా కుర్రవాళ్లు అలాంటి కథ తీస్తే, డబ్బింగ్ లేకుండా తీస్తే, నా అంత సంతోషించేవాళ్లు ఉండరు. డబ్బింగ్ అవసరం లేదని చెప్పడానికైనా పిలవండి, వస్తాను.

చివరగా ఒక పని అప్పగించి కూర్చుంటాను. విజయా వాహినీ ఫ్లోర్లు ఉన్న చోట ఇప్పుడు ఆసుపత్రి ఉంది, పెద్ద మాల్ ఉంది. కట్టడాలు పోయాయి కానీ ఆ ఫ్లోర్లలో పనిచేసినవాళ్లు వడపళనిలో, సాలిగ్రామంలో, కోడంబాక్కంలో ఇంకా కొందరున్నారు. మైకు పట్టుకున్నవాళ్లు, రీరికార్డింగ్‌లో నేపథ్య సంగీతం వాయించినవాళ్లు, కోరస్‌లో పాడినవాళ్లు. ఈ సభలోనే వాళ్ల పిల్లలు, మనవలు ఉన్నారు, నాకు తెలుసు. వాళ్లను మాట్లాడించి రికార్డు చేద్దాం. పేరు, ఏ స్టూడియో, ఏ పని, ఏ సినిమాకు, అప్పుడు కూలి ఎంత, మైకు ఎక్కడ కట్టేవారు, వాన చప్పుడు దేనితో చేసేవారు, గుర్రం డెక్కల చప్పుడు దేనితో చేసేవారు. ఇవన్నీ అడుగుదాం. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోను మనిషికి మూరెడు దూరంలో పెడితే చాలు, మంచి రికార్డింగు వస్తుంది. మధ్యలో మనం అడ్డు మాట్లాడకూడదు, అదొక్కటే నియమం. ఎవరి ఇంట్లో పెద్దవాళ్లున్నారో ఇవాళ వెళ్లేలోపు నాతో చెప్పండి. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెడదాం, మైకు నేను తెస్తాను.

నమస్కారం.